కారులో కనిపించని సారథి

ప్రమాదపు అంచున జారిపోయే కారును పట్టి నిలిపే ఎలక్ట్రానిక్ సాధనాలు నేటి వాహనాలలో ఉన్నవి. వాటి శక్తి ఎంతటిదో తెలిసినవాడు అదృష్టవంతుడు. ఆ శక్తి ఎక్కడ ముగుస్తుందో కూడా తెలిసినవాడు వివేకవంతుడు.

1989 ఫిబ్రవరి. స్వీడన్ దేశపు ఉత్తర ప్రాంతంలో, స్ట్రోమ్‌సుండ్ పట్టణ సమీపాన, మంచు గడ్డకట్టిన రహదారి మీద ఒక మెర్సిడెస్-బెంజ్ కారు సాగిపోతున్నది. దానిని నడుపుతున్న ఇంజనీరు ఫ్రాంక్ వెర్నర్-మోన్. శీతకాలపు రోడ్ల మీద కార్ల నడతను పరీక్షించడమే ఆయన వృత్తి. చేయి తిరిగిన చోదకుడే. కాని ఆనాడు కారు ఆయన మాట వినలేదు. చక్రాలు జారాయి. స్టీరింగు ఒక దిక్కుకు తిరిగింది, కారు మరొక దిక్కుకు పోయింది. మరుక్షణంలో అది రోడ్డు పక్కనున్న గోతిలో ఉన్నది.

ప్రాణానికి ముప్పు రాలేదు. అయితే, కారును బయటికి లాగే బండి వచ్చేదాకా ఆ చలిలో నిరీక్షించక తప్పలేదు. ఆ నిరీక్షణలోనే ఆయన మనసులో ఒక ఆలోచన మొలకెత్తింది. ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతున్నదో లెక్కగట్టే సాధనం కారులో అప్పటికే ఉన్నది. కారు పక్కకు జారుతున్న సంగతిని కూడా పసిగట్టగలిగితే, ఆ రెండు సమాచారాలనూ ఒక కంప్యూటరుకు అప్పగిస్తే, చోదకుని ప్రమేయం లేకుండానే అది కారును తిరిగి దారిలో పెట్టలేదా?

నేడు ప్రపంచమంతటా కోట్లాది కార్లలో మౌనంగా పనిచేస్తున్న ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణకు ఆ గోతిలోనే ఒక విధంగా అంకురార్పణ జరిగింది. కారు అమ్మేవారు దీనిని ‘ఈఎస్‌పీ’ అనీ, ‘ఈఎస్‌సీ’ అనీ పిలుస్తారు. పేరు ఏదైనా పని ఒక్కటే.

అంతకుముందు కథ

వెర్నర్-మోన్ ఆలోచనకు పునాది అంతకు పదకొండేళ్ల క్రితమే పడింది. బ్రేకును గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవడం అనాదిగా చోదకులను వేధించిన సమస్య. తిరగని చక్రానికి దిశ ఉండదు. స్టీరింగును ఎటు తిప్పినా కారు నేరుగా జారుకుంటూ పోతుంది. ఎదుట చెట్టు ఉంటే చెట్టుకు, మనిషి ఉంటే మనిషికి తగులుతుంది. 1978లో బాష్ సంస్థ తయారుచేసిన యాంటీలాక్ బ్రేకు వ్యవస్థ, అనగా ఏబీఎస్, మెర్సిడెస్ ఎస్-క్లాస్ కారులో మార్కెట్టుకు వచ్చింది. చక్రం బిగుసుకుపోబోతున్నదని గ్రహించిన వెంటనే ఇది ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడిని సడలిస్తుంది, మళ్లీ పెంచుతుంది, మళ్లీ సడలిస్తుంది. ఎంత నేర్పరి అయిన చోదకుని పాదమూ అనుకరించలేనంత త్వరితగతిన ఇదంతా జరుగుతుంది. ఫలితంగా చక్రం తిరుగుతూనే ఉంటుంది. బ్రేకు వేస్తూనే అడ్డంకిని తప్పించుకునే అవకాశం చోదకునికి దక్కుతుంది.

కాని ఏబీఎస్ బ్రేకు తొక్కినప్పుడే మేల్కొంటుంది. మలుపులో వేగం ఎక్కువై కారు వెనుక భాగం పక్కకు విసిరివేయబడుతున్నప్పుడు అది నిస్సహాయంగా చూస్తూ ఉంటుంది. ఆ లోటును పూరించడమే వెర్నర్-మోన్ బృందం తలపెట్టిన పని. తొలి ప్రయత్నాలకు వారు వాడిన పరికరం విచిత్రమైనది: రేడియోతో నడిచే బొమ్మ హెలికాప్టరులోని గైరోస్కోపు! కారు తన ఇరుసు చుట్టూ ఎంత తిరిగిందో చెప్పేందుకు అదే వారి తొలి సాధనం.

కొంతకాలానికి గడ్డకట్టిన సరస్సు మీద ఒక పరీక్ష జరిగింది. కారు నడపడంలో జంకుగొంకులున్న ఒక ఉన్నతాధికారిని ప్రయోగ వాహనంలో కూర్చోబెట్టారు. కొత్త యంత్రం పనిచేస్తుండగా ఆయన ఆరితేరిన పరీక్షకులకు దీటుగా మంచు మీద చుట్టు తిరిగి వచ్చాడు. యంత్రాన్ని ఆపివేసి మళ్లీ నడపమన్నారు. ఆయన మొదటి మలుపే దాటలేకపోయాడు. దీనితో సందేహాలు తీరాయి. ఇదే లక్ష్యంతో బాష్ సంస్థలో డచ్చి ఇంజనీరు ఆంటన్ వాన్ జాంటెన్ నాయకత్వాన పరిశోధన సాగుతున్నది. రెండు సంస్థలూ చేతులు కలిపాయి. 1995లో ఎస్ 600 కూపే కారులో ఈఎస్‌పీ జనం ముందుకు వచ్చింది.

అది ఎలా పనిచేస్తుంది?

ఈ యంత్రం నిరంతరం రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. మొదటిది: చోదకుడు ఎటు పోదలచుకున్నాడు? స్టీరింగు ఎంత కోణం తిరిగిందో కొలిచే సాధనం దీనికి జవాబు చెబుతుంది. రెండవది: కారు నిజంగా ఎటు పోతున్నది? చక్రాల వేగాన్ని, పక్కకు ఒరిగే బలాన్ని, కారు చుట్టు తిరిగే రేటును కొలిచే సాధనాలు దీనికి బదులిస్తాయి. సెకనుకు దాదాపు 25 సార్లు ఈ రెండు జవాబులనూ కంప్యూటరు సరిపోల్చుకుంటుంది. రెండూ ఒకటైతే అది మౌనంగా ఉంటుంది. తేడా వచ్చిందంటే రంగంలోకి దిగుతుంది.

మలుపులో కారు వెనుక భాగం బయటికి విసిరివేయబడుతున్నదనుకోండి. అప్పుడది మలుపు వెలుపలి వైపున్న ముందు చక్రానికి మాత్రమే బ్రేకు వేసి కారును సరిచేస్తుంది. దీనికి విరుద్ధంగా, కారు మలుపు తిరగక నేరుగా పోజూస్తుంటే, లోపలి వైపున్న వెనుక చక్రానికి బ్రేకు వేస్తుంది. అవసరమైతే ఇంజను బలాన్ని కూడా తగ్గిస్తుంది. పడవవాడు ఒక పక్క తెడ్డును నీటిలో నొక్కిపట్టి పడవను తిప్పడం గోదావరి మీద చూసినవారికి ఈ సూత్రం సులభంగానే బోధపడుతుంది. మానవ చోదకుడు, అతడెంతటివాడైనా, నాలుగు చక్రాలలో ఒక్కదానికి మాత్రమే బ్రేకు వేయలేడు. అతనికి ఉన్న పెడలు ఒక్కటే.

విలాసవంతమైన కార్లకే పరిమితమై ఉండవలసిన ఈ సాధనాన్ని చిన్న కార్లలోకి తెచ్చినది ఒక అవమానం. 1997 అక్టోబరు 21న స్వీడన్‌లోని ‘టెక్నికెన్స్ వెర్ల్డ్’ పత్రిక వారు, మెర్సిడెస్ కొత్తగా విడుదల చేసిన ఏ-క్లాస్ అనే చిన్న కారును పరీక్షకు పెట్టారు. రోడ్డు మీద హఠాత్తుగా దుప్పి వంటి పెద్ద జంతువు అడ్డం వస్తే కారును పక్కకు తిప్పి, మళ్లీ దారిలోకి తెచ్చుకోవడమే ఆ పరీక్ష. కారు బోర్లాపడింది. వార్త లోకమంతా పాకింది. కంపెనీ కార్ల పంపిణీ నిలిపివేసింది. కారు కూర్పులో మార్పులు చేసి, ఈఎస్‌పీని ప్రతి ఏ-క్లాసులోనూ తప్పనిసరిగా అమర్చింది. చిన్న కారుకే ఇది ఉండగా పెద్ద కార్లకు ఎందుకు లేదని కొనుగోలుదారులు ప్రశ్నించడం మొదలుపెట్టారు.

ఫలితం గణాంకాలలో కనిపించింది. ఒక్క వాహనం మాత్రమే అదుపుతప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు ఈ సాధనం వల్ల దాదాపు సగానికి తగ్గుతున్నదని అమెరికాలో హైవే భద్రతపై పరిశోధన చేసే బీమా సంస్థ తేల్చింది. అమెరికాలో 2012 మోడలు నుంచి, ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్‌ను, అదే ఏడాది జులై నుంచి చోదకుని ఎయిర్‌బ్యాగును నిర్బంధం చేశారు. ముందు సీటులో పక్కన కూర్చునేవారి ఎయిర్‌బ్యాగు 2021లో నిర్బంధమైంది. ఢీకొట్టి చూసి కార్లకు నక్షత్రాలిచ్చే ‘భారత్ ఎన్‌క్యాప్’ పథకం 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది.

మ్యూనిక్ టాక్సీలు నేర్పిన పాఠం

ఇంతటి రక్షణ ఉండగా ఇక భయమేల? ఈ ప్రశ్నకు జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1980ల నాటి ఒక అధ్యయనం గుణపాఠం వంటి సమాధానమిచ్చింది. ఒక టాక్సీ సంస్థ కార్లలో కొన్నింటికి ఏబీఎస్ అమర్చారు, మిగిలినవాటికి అమర్చలేదు. ఆ ఒక్కటి తప్ప కార్లన్నీ ఒకే రకం. ఏబీఎస్ ఉన్న టాక్సీలకు ప్రమాదాలు బాగా తగ్గుతాయని ఎవరైనా అనుకుంటారు. కాని రెండు వర్గాల ప్రమాదాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కారణం వెదికితే, మంచి బ్రేకులున్నాయన్న ధీమాతో ఆ చోదకులు మలుపులను మరింత దురుసుగా తిప్పుతున్నారు; ముందు బండికి మరింత దగ్గరగా పోతున్నారు. యంత్రం ఇచ్చిన భద్రతను మనిషి తన తొందరకు ఖర్చుపెట్టుకున్నాడు!

విరాటపర్వంలోని ఉత్తరకుమారుడు మనకు కొత్తవాడు కాడు. సరైన సారథి దొరికితే కౌరవులను చిటికెలో గెలిచివస్తానని అంతఃపురంలో ప్రగల్భాలు పలికిన ఆ యువకుడు, సేనను చూడగానే రథం దిగి పరుగు లంకించుకున్నాడు. తన సారథి ఎంతవాడో అతనికి తెలియదు. తాను ఎంతవాడో అంతకంటె తెలియదు. కొత్త కారు కొని, దానిలోని సాధనాల పేర్లను గడగడ వల్లించి, తీరా వానపడిన రోడ్డు మీద గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో పోయే చోదకునిలో ఆ ఉత్తరుని ఛాయలు లేవా?

ప్రకృతి నియమాలను ఏ కంప్యూటరూ మార్చలేదు. కారుకూ నేలకూ ఉన్న సంబంధమంతా నాలుగు టైర్ల కింద ఒక్కొక్క అరచేతి మందాన ఉన్న రబ్బరు ముక్కలే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. అపాయాన్ని చూసి పాదం బ్రేకు మీదికి చేరేసరికే ఆ సెకను గడిచిపోతుంది. ఆపైన మంచి పొడి రోడ్డు మీద కారు ఆగడానికి ఇంచుమించు మరో 50 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మలుపులో కారును బయటికి నెట్టే బలం కూడా అంతే: 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బలం 80లో నాలుగు రెట్లు. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున్న ఔటర్ రింగు రోడ్డు మీద 2023లో వేగపరిమితిని 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంలో పోయే కారు పొడి రోడ్డు మీద ఆగడానికి నూరు మీటర్లకు పైగా కావాలి. వానలో టైర్ల పట్టు సగమైతే బ్రేకు దూరం రెట్టింపవుతుంది. ఏబీఎస్ ఉన్నా ఇదే లెక్క. పైగా వదులు కంకర మీద ఏబీఎస్ ఉన్న కారు ఆగడానికి మరికొంత ఎక్కువ దూరమే పట్టవచ్చును.

కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. రోజుకు 460 మందికి పైగా అన్నమాట. నూటికి 71 మరణాలకు అతివేగమే కారణమని అదే నివేదిక చెబుతున్నది.

బెల్టు లేని ఎయిర్‌బ్యాగు

ఎలక్ట్రానిక్ సాధనాలలో అన్నిటికంటె ఎక్కువగా అపార్థానికి గురైనది ఎయిర్‌బ్యాగు. అది మెత్తని దిండు కాదు. ఢీకొన్న క్షణం నుంచి సెకనులో సుమారు 30 వేలవంతుల కాలంలో, కన్ను రెప్పపాటుకంటె చాలా త్వరగా, పేలుడు వంటి బలంతో విచ్చుకునే సంచి అది. సీటు బెల్టు మనిషిని వెనక్కి పట్టి ఉంచగా, ముందుకు ఊగే తలను, ఛాతీని అందుకోవడానికి రూపొందినది. బెల్టు లేని మనిషి ఆ సంచి విచ్చుకునేలోగానే దాని మీదికి విసిరివేయబడవచ్చును. అప్పుడు రక్షించవలసిన సాధనమే గాయపరుస్తుంది. ఒడిలో పసిబిడ్డను పెట్టుకుని ముందు సీటులో కూర్చునే తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్‌ఘర్ జిల్లాలో, సూర్యా నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఖరీదైన, సకల సాధనాలూ ఉన్న కారు అది. ముందు సీట్లలోని ఇద్దరూ తీవ్రగాయాలతో బతికారు. బెల్టు పెట్టుకోకుండా వెనుక సీట్లలో ఉన్న ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. వెనుక కూర్చున్నవారికి బెల్టు ఎందుకన్న మన పాత నమ్మకానికి అంతకంటె విషాదకరమైన జవాబు ఉండబోదు.

అయినప్పటికీ, బెల్టు పెట్టుకోమని హెచ్చరించే గంట మోగకుండా ఉండేందుకు ఉత్తుత్తి బిళ్లలు కొని దూర్చేవారు ఉన్నారు. ఇటువంటి బిళ్లల అమ్మకపు ప్రకటనలను 13,118 వరకు తొలగింపజేసినట్లు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో తెలిపింది. నిప్పు అంటుకుంటే మోగే గంటకు గుడ్డ చుట్టి నిద్రపోవడం వంటిది ఇది.

కారు ముందు ఇనుప కమ్మీలు బిగించడం కూడా అలాంటి ముచ్చటే. ఢీకొన్న తాకిడిని కొలిచే సాధనాలను అవి తికమకపెట్టవచ్చును. పాదచారికి తగిలితే ప్రాణాంతకమే. ఇవి చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఎయిర్‌బ్యాగు మూత మీద, దాని ఎదుట దేవతా విగ్రహాలను అతికించడం మరొక అలవాటు. భక్తిని తప్పుపట్టనక్కరలేదు. కాని సంచి విచ్చుకున్నప్పుడు ఆ విగ్రహం రాయిలా ఎగిరివస్తుంది. దేవుడికి కారులో మరొక చోటు చూపడమే క్షేమం.

చూసే కళ్లు, చూడలేని దారులు

ఇప్పుడు వస్తున్న కార్లలో మరొక తరం సాధనాలున్నవి. కెమేరా, రాడారు ముందున్న వాహనాన్ని గమనిస్తాయి, ఢీకొనబోతే హెచ్చరిస్తాయి, చోదకుడు స్పందించకపోతే తామే బ్రేకు వేస్తాయి. రోడ్డు గీత దాటిపోతే స్టీరింగును సర్దుతాయి. ఇవి విలువైన సహాయకులే. కాని గీతలు చూసి నడిచే యంత్రానికి గీతలుండాలి. గీత చెరిగిపోయిన దారిలో, ఎదురుగా తప్పుదోవన వచ్చే ట్రాక్టరు, దీపం లేకుండా నిలిపివేసిన లారీ, మసక చీకటిలో రోడ్డు దాటే గేదెల మంద ఎదురైనప్పుడు ఈ కళ్లు తడబడవచ్చును. కెమేరా అద్దం మీద బురద పడినా, జోరువాన కురిసినా, ఎదుటి ఎండ కొట్టినా చూపు మందగిస్తుంది. పొరపాటున అనవసరంగా బ్రేకు పడితే వెనుక అతి దగ్గరగా వచ్చే బండి గుద్దవచ్చును. కనుక కొత్త కారు చేతికి వచ్చిన రోజునే దానితోపాటు ఇచ్చిన పుస్తకం తెరిచి, ఏ సాధనం ఏ వేగం వరకు, ఏ పరిస్థితులలో పనిచేస్తుందో చదవడం మంచిది. మిఠాయి పంచే తొందరలో ఆ పుస్తకం పెట్టెలోనే ఉండిపోతుంది.

గుర్తుంచుకోవలసిన కొన్ని సంగతులు

కారు మీట తిప్పగానే హెచ్చరిక దీపాలన్నీ వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. యంత్రం తనను తాను పరీక్షించుకుంటున్నదని దాని అర్థం. ఏబీఎస్ దీపం ఆరకపోతే మామూలు బ్రేకులుంటాయి గాని యాంటీలాక్ సాయం ఉండదు. ఎయిర్‌బ్యాగు దీపం ఆరకపోతే అవసరానికి సంచి విచ్చుకోకపోవచ్చును. బ్రేకు ఎర్ర దీపం వెలిగితే బండిని భద్రంగా పక్కకు తీసి ఆపవలసినదే.

జారుతున్న కారు బొమ్మ ఉన్న దీపం నడుమ నడుమ మిణుకుమంటే, స్థిరత్వ యంత్రం ఆ క్షణాన మిమ్మల్ని కాపాడుతున్నదని గ్రహించండి. అది అభినందన కాదు, మందలింపు. వెంటనే వేగం తగ్గించండి. ఆ దీపం నిలకడగా వెలుగుతుంటే యంత్రం చెడిపోయిందనో, ఎవరో ఆపివేశారనో అర్థం. బురదలోనో ఇసుకలోనో దిగబడిన బండిని తీయడానికి దానిని కాసేపు ఆపవలసి రావచ్చును. బయటపడగానే మళ్లీ వేయాలి.

అత్యవసరంగా ఆగవలసి వస్తే ఏబీఎస్ ఉన్న కారులో బ్రేకును గట్టిగా తొక్కి పట్టే ఉంచాలి. కాలి కింద పెడలు దడదడలాడుతుంది, గరగర చప్పుడవుతుంది. బెదిరి కాలు తీయరాదు. పాతకాలంలోవలె తొక్కి వదలడం కూడా పనికిరాదు. అదే సమయంలో చూపును అడ్డంకి మీద కాక, తప్పించుకునే దారి మీద నిలపాలి. చూపు ఎటు పోతే చేయి అటే పోతుంది.

ముందు బండి ఒక చెట్టునో రాయినో దాటిన క్షణం నుంచి “వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు” అని లెక్కపెట్టండి. లెక్క పూర్తికాకముందే మీరు అక్కడికి చేరితే మరీ దగ్గరగా ఉన్నట్లే. వానలో ఆ ఎడాన్ని రెట్టింపు చేయండి. ఛాతీకీ స్టీరింగు నడిబొడ్డుకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉంచండి. వెనకకు తిరిగి ఉండే పసిపిల్లల సీటును, పనిచేసే ఎయిర్‌బ్యాగు ఎదుట ఎన్నడూ పెట్టకండి. ఘాటు రోడ్డు దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగిందంటే దానిని మార్చవలసినదే. టైరు గుండైపోయిన కారులో ఎంత గొప్ప కంప్యూటరైనా ఏమి చేయగలదు?

విరాటపర్వపు కథ పారిపోయిన ఉత్తరునితో ముగియలేదు. బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు వెంటాడి అతనిని పట్టుకున్నాడు, ధైర్యం చెప్పాడు. గాండీవం తాను ధరించి, పగ్గాలు మాత్రం ఉత్తరుని చేతికే ఇచ్చాడు. అంతటి వీరుడు వెంట ఉన్నా రథం నడపవలసినవాడు ఒకడు ఉండాలి గదా! కారులోని కనిపించని సహాయకుడూ అంతే. అది మన తప్పును ఒకటి రెండుసార్లు సరిదిద్దగలదు. ఎంత వేగంతో పోవాలి, ఎప్పుడు ఆగాలి, ఇంటికి ఎలా చేరాలి అన్నది మాత్రం పగ్గాలు పట్టిన చేయే నిర్ణయించాలి.